బీఆర్‌జెడ్‌ను ఎంత దించాలి, దేనితో దించాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో 2017 సుబారు బీఆర్‌జెడ్ కొన్నారు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటారు, ఆఫీసుకు రోజూ అదే కారు. వీకెండ్‌లో అప్పుడప్పుడు ఆటోక్రాస్‌కు (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య టైము చూసి నడిపే పోటీకి) వెళ్లాలని ఉంది. టైరుకూ ఫెండర్‌కూ మధ్య ఉన్న ఖాళీ నచ్చక 2 అంగుళాలు దించాలనుకుంటున్నారు. బడ్జెట్ 1,500 డాలర్లు. ఒకపక్క 300 డాలర్ల లోయరింగ్ స్ప్రింగులు (కారును దించే స్ప్రింగులు), ఇంకోపక్క 32 క్లిక్కుల నాబ్ ఉన్న 800 డాలర్ల కాయిలోవర్ సెట్ (స్ప్రింగూ షాకూ కలిసి వచ్చి, ఎత్తు మార్చుకోగలిగేది) చూసి పెట్టుకున్నారు. వీటిలో ఏది కొనాలని అడిగారు.

నేనైతే రెండూ వద్దంటాను. కారును 20 నుంచి 25 మిల్లీమీటర్లు మాత్రమే దించే మంచి స్ప్రింగులు, ఆ ఎత్తుకు తగ్గట్టు పొట్టిగా చేసిన షాక్ అబ్జార్బర్లు నాలుగు, ముందు చక్రాల నిలువు వాలును (క్యాంబర్) సర్దే బోల్టులు, ఆఖరున ఒక మంచి అలైన్‌మెంట్. బిగించే పని మీరే చేసుకుంటే ఇదంతా మీ బడ్జెట్‌కు అటూఇటూగా సరిపోతుంది. 2 అంగుళాలే కావాలంటే ఇప్పుడు ఏమీ కొనకుండా ఇంకో రెండు వేలు పోగయ్యేదాకా ఆగడం మేలు. ఎందుకో చెబుతాను. కాస్త పెద్ద జవాబే, ఓపికగా చదవండి.

దించడం అనగానే అందరూ ఫెండర్ గ్యాప్ గురించి మాట్లాడతారు. నేను మొదట చూసేది బంప్ ట్రావెల్. కారు మామూలుగా నిలబడి ఉన్నప్పుడు చక్రం ఇంకా ఎంత పైకి వెళ్లగలదు, బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు లేదా ఫోమ్ ముక్క) తగిలేలోపు ఎంత చోటు ఉంది అన్నదే బంప్ ట్రావెల్. స్పోర్ట్స్ కార్లలో ఇది అసలే తక్కువ. మీరు కారును ఎంత దించితే ఈ చోటులోంచి అంత పోతుంది. 50 మిల్లీమీటర్లు దించారంటే, గుంటలు మింగడానికి కంపెనీ ఉంచిన చోటులో అధిక భాగం కారు నిలబడి ఉండగానే అయిపోయినట్టు లెక్క.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏదో ఒక కారులో 60 మిల్లీమీటర్ల బంప్ ట్రావెల్ ఉందనుకోండి. 30 మిల్లీమీటర్లు దించితే మిగిలేది 30. స్ప్రింగు దాచుకునే శక్తి దాని గట్టిదనాన్ని బట్టి, నొక్కుకున్న దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి మునుపు 60 మిల్లీమీటర్లలో ఆగిన దెబ్బనే ఇప్పుడు 30 మిల్లీమీటర్లలో ఆపాలంటే స్ప్రింగు రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. మార్కెట్లో దొరికే లోయరింగ్ స్ప్రింగులు మామూలుగా ఒరిజినల్ కంటే 20, 30 శాతం మాత్రమే గట్టిగా ఉంటాయి. మిగతా పని ఎవరు చేస్తారు? బంప్ స్టాపే. "దించాక కారు బాగా స్టిఫ్‌గా అయింది, స్పోర్టీగా ఉంది" అని చాలామంది చెప్పే అనుభవంలో సగం స్ప్రింగుది కాదు, ఆ రబ్బరు లేదా ఫోమ్ ముక్కది.

రోడ్డు మీద అది వీపుకు తగిలే దెబ్బ. మలుపులో మాత్రం అంతకంటే పెద్ద సమస్య. కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు బయటి చక్రం బంప్ స్టాప్ మీద కూర్చుంటే ఆ మూల గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ముందు చక్రం కూర్చుంటే కారు తిరగడం మానేసి నేరుగా పోతుంది. వెనక చక్రం కూర్చుంటే వెనక భాగం చెప్పాపెట్టకుండా జారుతుంది. మీది వెనక చక్రాలతో నడిచే తేలిక కారు. తడి రోడ్డు మీద, మలుపు మధ్యలో ఒక ఎత్తు తగిలినప్పుడు ఇలా జరగడం నాకు చాలా భయం కలిగించే విషయం. అందుకే ఎత్తు సంగతి రెండోదంటాను.

మీరు ఉండే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి జాతిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. దాని మీద వేసిన కాంక్రీటు పలకలు ఒకటి పైకీ ఒకటి కిందికీ కదులుతుంటాయి. హైవే మీద 70 మైళ్ల వేగంలో వరసగా తగిలే ఆ కీళ్లు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిటారుగా ఎక్కే డ్రైవ్‌వే, పార్కింగ్ గరాజ్ ర్యాంపు, ఇవే మీ కారు రోజూ ఎదుర్కొనేవి. ఆటోక్రాస్ ఎప్పుడో ఒక ఆదివారం.

ఇక జ్యామెట్రీ. బీఆర్‌జెడ్‌కు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకూ స్ప్రింగూ ఒకే స్తంభంగా చక్రాన్ని నిలబెట్టే రకం), వెనక డబుల్ విష్‌బోన్ (పైనా కిందా ఆర్మ్‌లతో చక్రాన్ని పట్టుకునే రకం). ఈ రెండూ దించినప్పుడు ఒకేలా స్పందించవు. వెనక చక్రాలు కారు దిగేకొద్దీ పైభాగం లోపలికి వంగుతూ పోతాయి, అంటే నెగటివ్ క్యాంబర్ పెరుగుతుంది. ముందు స్ట్రట్‌లో ఆ పెరుగుదల తక్కువ. కింది కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కడ్డీ) బయటి కొస లోపలి కొస కంటే పైకి వెళ్లేకొద్దీ అది ఇంకా తగ్గిపోతుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడే మీ కారు ముందు క్యాంబర్ దాదాపు సున్నా, వెనక సుమారు ఒక డిగ్రీ పైన నెగటివ్. దించి వదిలేస్తే వెనక ఇంకా పెరుగుతుంది, ముందు దాదాపు అక్కడే ఉంటుంది. అంటే ముందు చక్రాల పట్టు వెనకవాటితో పోలిస్తే తగ్గి, కారు మలుపులో ముక్కు బయటికి తోసుకుపోయే గుణం పెరుగుతుంది. డబ్బు పెట్టి కారును మొద్దుగా చేసుకున్నట్టవుతుంది.

రోల్ సెంటర్ విషయం చాలామంది పట్టించుకోరు. మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది రోల్ సెంటర్. స్ట్రట్ సస్పెన్షన్‌లో కింది ఆర్మ్ కోణం మారేసరికి ఈ బిందువు, కారు దిగిన దానికంటే ఎక్కువగా కిందికి దిగిపోతుంది. అప్పుడు గరిమనాభికీ రోల్ సెంటర్‌కీ మధ్య దూరం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. బరువు కిందికి వచ్చినా, ఒరిగే గుణం పెరుగుతుంది. దాన్ని అణచడానికి మళ్లీ గట్టి స్ప్రింగులు, లావు స్వే బార్లు (ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరగడం తగ్గించే కడ్డీలు). బాగా కిందికి దించిన రేసు కార్లలో దీన్ని సరిచేయడానికి పొడవాటి బాల్ జాయింట్లు, రోల్ సెంటర్ కిట్లు వాడతారు, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ కోణం కూడా సరిచేస్తారు. లేకపోతే గుంట తగిలినప్పుడల్లా స్టీరింగ్ తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. 25 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇవేవీ కొనక్కర్లేదు.

లాభం కూడా చెప్పాలి కదా. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే బాక్సర్ ఇంజిన్ వల్ల ఈ కారు గరిమనాభి ఎత్తు అసలే సుమారు 46 సెంటీమీటర్లు. 25 మిల్లీమీటర్లు దించితే దాదాపు 5 శాతం తగ్గుతుంది. మలుపులో లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి పోయే బరువు కూడా దాదాపు అంతే తగ్గుతుంది. మంచిదే. కానీ అదే డబ్బుతో మంచి టైర్లు వేయించుకుంటే వచ్చే పట్టు ముందు ఇది చాలా చిన్నది. కారు మీద ఇంకా కంపెనీ ఇచ్చిన 215/45 ఆర్17 మిషెలిన్ ప్రైమసీలు ఉంటే, అవి పట్టు కోసం ఎంచుకున్న టైర్లు కావు. ఆటోక్రాస్‌లో టైము తగ్గాలంటే డబ్బు మొదట వెళ్లాల్సింది అక్కడికి.

ఇప్పుడు మీరు చూసిన మొదటి దారి, స్ప్రింగులు మాత్రమే మార్చడం. ఐబాక్, స్విఫ్ట్, ఆర్‌సీఈ లాంటి పేరున్న వాళ్ల స్ప్రింగుల నాణ్యత గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇబ్బందంతా వాటి కింద ఉండే పాత షాకులతో. కంపెనీ షాకును కంపెనీ స్ప్రింగు గట్టిదనానికీ, కంపెనీ ఎత్తుకూ సరిపడేలా తయారు చేస్తారు. గట్టి స్ప్రింగు నొక్కుకుని వెనక్కి తన్నేటప్పుడు దాన్ని అదుపు చేసే రీబౌండ్ బలం ఆ షాకులో చాలదు. పైగా పిస్టన్ ఎప్పుడూ తన గొట్టంలో మునుపటి కంటే కింద పనిచేస్తూ ఉంటుంది, మాటిమాటికీ బంప్ స్టాప్ దాకా వెళ్లి వస్తుంది. మీది 2017 కారు, షాకులకు ఇన్నేళ్ల అరుగుదల ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు స్ప్రింగులు వేసి, ఏడాది తిరక్కుండా షాకులు లీకైతే అదే పని మళ్లీ మొదటి నుంచి చేయాలి, అలైన్‌మెంట్‌కు మళ్లీ డబ్బు కట్టాలి. ఒక్క మినహాయింపు: మీ కారు పర్ఫార్మెన్స్ ప్యాకేజీది అయితే దానికి బ్రెంబో బ్రేకులతో పాటు సాక్స్ (Sachs) కంపెనీ షాకులు వచ్చాయి. అవి మంచి స్థితిలో ఉంటే, 20 మిల్లీమీటర్ల లోపు దించే స్ప్రింగులతో కొంతకాలం నడపొచ్చు. ముందు చక్రం వెనక బంగారు రంగో ఎరుపో క్యాలిపర్ ఉందని మాత్రం చూసి నిర్ణయించుకోకండి, రంగు ఎవరైనా వేయొచ్చు. క్యాలిపర్ మీద పేరు, షాకు మీద పార్ట్ నంబరు చూడండి.

రెండో దారి, 800 డాలర్ల కాయిలోవర్లు. ఈ ధరలో వచ్చేవాటన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ కొనేముందు అమ్మేవాళ్లను మూడు విషయాలు అడగండి. స్ప్రింగ్ రేటు (గట్టిదనం) ఎంత? షాకుకు డైనో గ్రాఫ్ ఉందా? పాడైతే విడి భాగాలు, రీబిల్డ్ అమెరికాలోనే దొరుకుతాయా? మొదటిదానికి మాత్రమే జవాబు వస్తే కొనకండి.

డైనో గ్రాఫ్ మీద అంత పట్టుదల ఎందుకంటే, ఆ 32 క్లిక్కుల్లో అసలు ఏముందో అది ఒక్కటే చెబుతుంది. షాకును యంత్రం మీద పెట్టి వేర్వేరు వేగాలతో నొక్కీ లాగీ, ఎంత బలం వచ్చిందో గీస్తారు. చాలా చవక సెట్లలో ఒకే నాబ్ కంప్రెషన్‌నూ (నొక్కుకునేటప్పుడు షాకు అడ్డే బలం) రీబౌండ్‌నూ కలిపి మారుస్తుంది. నిజానికి ఈ రెండూ వేర్వేరు అవసరాలు. స్ప్రింగు వెనక్కి తన్నకుండా ఉండాలని రీబౌండ్ పెంచితే కంప్రెషన్ కూడా పెరిగి ప్రతి కీలూ వెన్నుకు తగులుతుంది. అది తగ్గిద్దామని నాబ్ తిప్పితే కారు ఊగుతుంది. పైగా గ్రాఫులో చూస్తే కొన్నిట్లో సగం క్లిక్కులకు తేడానే ఉండదు, ఉన్న తేడా అంతా చివరి కొన్ని క్లిక్కుల్లో ఉంటుంది. ఎడమ షాకు, కుడి షాకు ఒకే క్లిక్కు మీద ఒకే బలం ఇవ్వని సెట్లూ ఉంటాయి. క్లిక్కుల సంఖ్య నాణ్యతకు కొలత కాదు. సరిగ్గా ట్యూన్ చేసి, నాబే లేని షాకు దానికంటే ఎంతో మేలు.

స్ప్రింగ్ రేటు గురించి కొంచెం లెక్క చేద్దాం, ఎందుకంటే ఇక్కడే అందరూ తికమకపడతారు. మీ కారు కంపెనీ ముందు స్ప్రింగు మిల్లీమీటరుకు 3 కిలోలకు అటూఇటూ, అంటే ఒక్క మిల్లీమీటరు నొక్కడానికి దాదాపు 3 కిలోల బరువు కావాలి. డ్రైవరుతో కలిపి లెక్కేస్తే, సస్పెన్షన్ పైన ఒక్కో ముందు మూలకు 325 కిలోల బరువు ఉంటుందనుకుందాం. అప్పుడు ఆ మూల సహజంగా ఊగే వేగం సెకనుకు ఒకటిన్నర సార్లకు కాస్త తక్కువ. రోడ్డు మీద హాయిగా ఉంటూ చురుగ్గా అనిపించే హద్దు దాదాపు అదే. మిల్లీమీటరుకు 6 కిలోల స్ప్రింగు వేస్తే అది 2 దగ్గరికి పోతుంది. మంచి షాకు ఉంటే భరించగలం, పక్క సీటులో కూర్చున్నవాళ్లు మాత్రం అడుగుతారు. 8 కిలోలు వేస్తే 2.4 దగ్గర. అది ట్రాక్ కారు లెక్క. చవక కాయిలోవర్లలో ఇంత గట్టి స్ప్రింగులు ఎక్కువగా కనిపించడానికి కారణం పైన చెప్పిన ట్రావెలే. కిందికి దించితే చోటు ఉండదు కాబట్టి స్ప్రింగు గట్టిగా పెట్టక తప్పదు.

వెనక అంకె చూసి మోసపోకండి. ముందు స్ట్రట్‌లో చక్రం కదిలినంతా దాదాపుగా స్ప్రింగూ కదులుతుంది. వెనక స్ప్రింగు కింది ఆర్మ్ మీద లోపలికి ఉంటుంది, కాబట్టి చక్రం కదిలిన దాంట్లో సుమారు ముప్పావు వంతే స్ప్రింగు కదులుతుంది. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం ఆ నిష్పత్తి వర్గం ప్రకారం తగ్గుతుంది, అంటే స్ప్రింగు మీద రాసిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువ. ముందూ వెనకా 6 కిలోలే అని రాసి ఉన్న సెట్ నిజానికి వెనక మెత్తగా ఉంటుంది. వెనక అంకె ముందు దానికంటే పెద్దగా ఉన్నంత మాత్రాన కారు జారిపోతుందని టెన్షన్ పడక్కర్లేదు.

కాయిలోవర్ల ప్రకటనల్లో "ఎత్తు మార్చినా ట్రావెల్ తగ్గదు" అని కనిపిస్తుంది. అది పాక్షికంగా నిజం. స్ప్రింగు కూర్చునే రింగును కిందికి తిప్పి దించే రకం ఒకటి, షాకు కింది భాగాన్నే పొట్టి చేసి దించే రకం ఇంకొకటి. రెండో రకంలో షాకు లోపలి పిస్టన్ ప్రయాణం మారదు, ఒప్పుకుంటాను. కానీ చక్రం ఫెండర్‌కు దగ్గరైంది కదా. షాకులో చోటున్నా, టైరు వెళ్లి ఫెండర్ లోపలి లైనర్‌కో ఫెండర్ అంచుకో తగిలితే ఆ చోటు ఎందుకు? అలాంటి సెట్‌ను బాగా దించితే, టైరు తగలకముందే ఆపేంత పొడవు బంప్ స్టాప్ పెట్టాల్సి వస్తుంది. మళ్లీ అదే కథ.

నేను చెప్పే దారికి వస్తాను. బిల్‌స్టీన్‌లో బీ6, బీ8 అని రెండు వరసలు ఉన్నాయి. బీ6 కంపెనీ ఎత్తు కోసం, బీ8 దించిన కార్ల కోసం పొట్టిగా చేసింది. స్ప్రింగులు మార్చేవాళ్లు బీ8 తీసుకోవాలి. ఇది మోనోట్యూబ్. ఒకే గొట్టంలో నూనె, వాయువు ఉంటాయి, మధ్యలో తేలే పిస్టన్ వాటిని వేరు చేస్తుంది, కాబట్టి వేడెక్కినా నూనె నురగ కట్టదు. ఫ్రెంచ్ ఇంజనీరు క్రిస్టియాన్ డి కార్బన్ ఆలోచనను బిల్‌స్టీన్ 1950లలో కార్లకు తెచ్చింది, నేటికీ దాని బలం అదే. దీనికి నాబ్ లేదు. మీకు ఇప్పుడు నాబ్ అవసరం లేదు. స్ప్రింగుల విషయంలో ఒకే షరతు: 25 మిల్లీమీటర్లకు మించి దించనివి, రేటు ఎంతో బయటికి చెప్పినవి తీసుకోండి. లీనియరా (ఎంత నొక్కినా ఒకే గట్టిదనం) ప్రోగ్రెసివా (నొక్కేకొద్దీ గట్టిపడేది) అన్నది ఈ స్థాయిలో ఇష్టం. నాకైతే లీనియర్ ఇష్టం, మలుపు మధ్యలో కారు ఏం చేస్తుందో ముందే తెలుస్తుంది.

డబ్బు ఇంకా ఉంటే, లేదా ఆగగలిగితే, కేడబ్ల్యూ వీ3 లేదా ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్. వీ3లో కంప్రెషన్, రీబౌండ్ విడివిడిగా మార్చొచ్చు. వీ1లో ఎత్తు మాత్రమే, వీ2లో ఎత్తూ రీబౌండూ. ఓలిన్స్‌కు ఒకే నాబ్ ఉన్నా అందులోని వాల్వ్ పదునైన దెబ్బ తగిలినప్పుడు నూనెకు రెండు వైపులా దారి ఇస్తుంది. స్ప్రింగు గట్టిగా ఉన్నా కాంక్రీటు కీళ్ల మీద ఆశ్చర్యపోయేంత మెత్తగా పోతుంది. రెండూ రెండున్నర, మూడు వేల డాలర్ల మాట. అయినా వీటితో కూడా రోజువారీ కారును 30 మిల్లీమీటర్ల కంటే దించమని నేను చెప్పను. ఖరీదైన షాకు ఉన్న చోటును బాగా వాడుకుంటుంది గానీ లేని చోటును పుట్టించలేదు.

ఒక మాట ఆటోక్రాస్ రూల్స్ గురించి. అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) నడిపే ఆటోక్రాస్ పోటీలైన సోలోలో స్ట్రీట్ కేటగిరీలో షాకులు మార్చొచ్చు, స్వే బార్ ముందో వెనకో ఒకటి మార్చొచ్చు. స్ప్రింగులు మాత్రం కంపెనీవే ఉండాలి. స్ప్రింగులు మార్చిన రోజు నుంచి మీరు స్ట్రీట్ టూరింగ్ లాంటి పై కేటగిరీల్లో, బాగా సిద్ధం చేసుకున్న కార్లతో పోటీ పడతారు. సరదాగా వెళ్లేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. గెలవాలని మనసులో ఉంటే మాత్రం మొదట బీ6, టైర్లు, ముందు స్వే బార్‌తో మొదలుపెట్టి, దించడం ఒక సీజన్ తర్వాత ఆలోచించండి.

అందం కోసం దించుకోవడం తప్పేమీ కాదు. ఈ కారును పార్క్ చేసి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లలేం, నాకు తెలుసు. కానీ ఆ ఖాళీ కనబడడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. కంపెనీ చక్రాలు సన్నం, ఫెండర్ లోపలికి నక్కి ఉంటాయి. చక్రం 8 అంగుళాల వెడల్పుదై, ఆఫ్‌సెట్ (చక్రం మధ్య గీతకూ హబ్‌కు బిగించే ముఖానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) 40 దగ్గర ఉంటే బయటికి వచ్చి ఫెండర్‌తో సమంగా నిలబడుతుంది. టైరు 225/45 ఆర్17 వేస్తే వ్యాసార్థం నాలుగున్నర మిల్లీమీటర్లు పెరిగి పైన ఆ మేరకు ఖాళీ తగ్గుతుంది. దీనికి 25 మిల్లీమీటర్ల దించుడు కలిపి, పక్కనుంచి ఫోటో తీసి చూడండి. ఆ తర్వాత కూడా 2 అంగుళాలు కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

బిగించేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ముందు స్ట్రట్ విప్పడానికి స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికి వస్తుంది. అలవాటు లేకపోతే స్ట్రట్లు కారులోంచి తీసి, విప్పి కట్టే పని మాత్రం షాపులో చేయించుకోండి, తక్కువలో అయిపోతుంది. షాకు రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకోవద్దు, చిన్న గీత పడినా సీల్ చిరుగుతుంది. బంప్ స్టాప్ విషయంలో షాకుతో వచ్చిన కాగితం చదవండి. కొన్ని రకాల్లో అది లోపలే ఉంటుంది, పాతది కూడా తొడిగితే ఉన్న కాస్త ట్రావెల్ పోతుంది. ఇన్నేళ్ల కారు కాబట్టి పై మౌంట్లు చూసుకోండి, రబ్బరు పగిలి ఉంటే ఈ పనిలోనే మార్చేయండి.

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది. కంట్రోల్ ఆర్మ్ కీళ్లలో ఉండే బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. కారు జాకీ మీద ఉండి, చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆ బోల్టులు గట్టిగా బిగిస్తే రబ్బరుకు అదే సహజ స్థితి అయిపోతుంది. కారు కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి నిరంతరం లాగుతూ ఉంటుంది. ఎత్తు సరిగ్గా రాదు, రైడ్ గట్టిగా అనిపిస్తుంది, కొన్నాళ్లకు బుష్ చిరిగిపోతుంది. వదులు చేసిన ఆర్మ్ బోల్టులన్నిటినీ కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరిసారి బిగించాలి. ర్యాంపుల మీదికి ఎక్కించి చేయండి, లేదా జాకీతో ఆర్మ్‌ను రైడ్ హైట్ (కారు నిలబడినప్పుడు ఉండే ఎత్తు) దాకా లేపి చేయండి. దించాక కారు బాలేదని నా దగ్గరికి వచ్చిన వాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న ఇదే.

విప్పకముందే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, అరుగుదల లెక్క చెడగొడతాయి. ఒకటి రెండు వారాలు నడిపి స్ప్రింగులు కూర్చున్నాక మళ్లీ కొలవండి, అప్పుడు అలైన్‌మెంట్‌కు వెళ్లండి. రోజూ నడపాల్సిన కారు కాబట్టి వెంటనే ఒకసారి టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం సరిచేయించుకుని, రెండు వారాల తర్వాత పూర్తిగా చేయించుకోవడం ఇంకా మంచిది. హెడ్‌లైట్ల గురి కూడా అప్పుడే సరిచూడండి, ముందూ వెనకా సమానంగా దిగకపోతే వెలుగు పడే చోటు మారుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పులు చెప్పి ఉంచండి.

మీరు చివర్లో అడిగిన మీ తమ్ముడి సంగతి. హైదరాబాద్‌లో తన సెడాన్‌కు ఇదే చేద్దామనుకుంటున్నాడని రాశారు. అక్కడ చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రోడ్ల సంగతి సరేసరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున నెమ్మదిగా లేచి 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాలనీల్లో రాత్రికి రాత్రి పోసేవి అలా ఉండవు. తనను ఎత్తు ముట్టుకోకుండా మంచి షాకులు, మంచి టైర్లు వేయించుకోమనండి. కారు నడకలో తేడా అక్కడే ఎక్కువ తెలుస్తుంది.

అలైన్‌మెంట్ షాపులో ఈ అంకెలు రాసిచ్చి, ఇవే కావాలని అడగండి. ముందు క్యాంబర్ రెండు పక్కలా నెగటివ్ ఒకటిన్నర డిగ్రీలు, క్యాంబర్ బోల్టులతో దాదాపు అంతవరకు వస్తుంది. ముందు టో సున్నా. వెనక టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) కొద్దిగా, రెండు చక్రాలూ కలిపి 0.15 డిగ్రీల దాకా. వెనక క్యాంబర్‌కు కంపెనీ సర్దుబాటు లేదు, కాబట్టి ఎంత వచ్చిందో ప్రింటవుట్‌లో చూడండి. 2 డిగ్రీల లోపు ఉండి, ఎడమ కుడి పక్కలు దగ్గరగా ఉంటే వదిలేయండి. అది దాటితేనే సర్దుబాటు ఉన్న వెనక కింది ఆర్మ్‌లు కొనండి. లోపలి అంచు అరుగుదలకు క్యాంబర్ కంటే టో తప్పడమే పెద్ద కారణం, కాబట్టి టో విషయంలో "స్పెక్‌లోనే ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోకండి. 500 మైళ్ల తర్వాత బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసి, నాలుగు టైర్ల లోపలి అంచులను చేత్తో తడిమి చూడండి. ప్రింటవుట్, ముందూ వెనకా కొలతలు ఇక్కడ పెడితే ఏం మార్చాలో చెబుతాను.